క్వారీలో ట్రాయ్, గొంతులో ట్రాయ్

జురాంగ్ ఈస్ట్ స్టేషన్‌లో ఉత్తర దిశగా వెళ్ళే రైలెక్కితే మొదటి స్టేషను బుకిట్ బాతోక్, రెండోది బుకిట్ గోంబాక్. అక్కడ దిగి కాస్త నడిస్తే స్థానికులు లిటిల్ గ్విలిన్ అని పిలుచుకునే పార్కు వస్తుంది. మడుగు నీళ్ళ నడుమ నిటారుగా నిలిచిన బూడిద రంగు రాతి గుట్టలు చైనాలోని గ్విలిన్ కొండలను తలపిస్తాయని ఆ పేరు. కానీ ఆ ఆకారం ప్రకృతి ఇచ్చినది కాదు. అది ఒకప్పటి గ్రానైటు క్వారీ. రాయి తవ్వుకుపోయిన గోతిలో నీరు చేరింది, తవ్వకుండా వదిలిన రాయి గుట్టగా మిగిలింది. బుకిట్ తిమా కొండ చుట్టుపక్కల ఇటువంటి క్వారీలు ఒకప్పుడు అనేకం ఉండేవి. నగరపు రోడ్లకూ కట్టడాలకూ కావలసిన కంకర అక్కడి నుంచి వచ్చేది.

1991లో సింగపూర్ దర్శకుడు ఓంగ్ కెంగ్ సెన్ యూరిపిడీస్ రాసిన ‘ట్రాయ్ స్త్రీలు’ నాటకాన్ని నాటకశాలలో కాక ఒక గ్రానైటు క్వారీలో ప్రదర్శించారు. అప్పటికి ఆయన వయసు ముప్పై లోపు. న్యాయశాస్త్రం చదివి నాటకరంగానికి వచ్చిన మనిషి. ఆయన నడిపిన థియేటర్‌వర్క్స్ 1985లో ఏర్పడిన సంస్థ. ప్రధానంగా ఇంగ్లీషులో నాటకాలాడేది. ఇరవై అయిదేళ్ళ తర్వాత, 2016లో, అదే దర్శకుడు అదే నాటకాన్ని మళ్ళీ చేపట్టారు. ఈసారి సియోల్‌లో, కొరియా జాతీయ చాంగుక్ సంస్థ గాయకులతో, కొరియన్ భాషలో, మొదటి నుంచి చివరిదాకా పాటగా. ఆ ప్రదర్శన 2017 సెప్టెంబరులో సింగపూర్ అంతర్జాతీయ కళోత్సవానికి వచ్చింది. ఒకే దర్శకుడు, ఒకే నాటకం, రెండు వేర్వేరు మార్గాలు. ప్రాచీన గ్రీకు విషాద నాటకాన్ని ఈనాటి వేదిక మీద బతికించేది ఏమిటి అన్న ప్రశ్నకు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, పుస్తకాల్లో దొరకని జవాబు ఒకటి దొరుకుతుంది.

నాటకంలో కథ దాదాపు లేదు. యుద్ధం ముగిసింది. ట్రాయ్ పడిపోయింది, పురుషులంతా చచ్చిపోయారు. రాణి హెక్యుబా, ఆమె కూతురు కసాండ్రా, కోడలు ఆండ్రొమాకీ, మిగిలిన నగరస్త్రీలు గ్రీకు నౌకల కోసం ఎదురు చూస్తూ ఉంటారు. ఎవరు ఏ సేనానికి బానిసగా వెళ్ళాలో టాల్తిబియస్ అనే వార్తాహరుడు వచ్చి చెబుతాడు. మళ్ళీ వస్తాడు, ఆండ్రొమాకీ కొడుకు అస్టియానక్స్‌ను కోటగోడ మీది నుంచి పడదోయాలని గ్రీకులు తీర్మానించారని చెబుతాడు. ఆ పసివాడి శవం తండ్రి హెక్టర్ డాలు మీద తిరిగి వస్తుంది. నాయనమ్మ దానిని అలంకరించి మట్టికి అప్పగిస్తుంది. చివర నగరానికి నిప్పు పెడతారు. స్త్రీలు మోకాళ్ళ మీద కూలి, చేతులతో నేలను కొడుతూ చచ్చిపోయినవాళ్ళను పిలుస్తారు. తర్వాత నౌకల వైపు నడుస్తారు. అంతే. మలుపులు, రహస్యం, పతాకసన్నివేశం కోరే ప్రేక్షకుడికి ఇందులో దొరికేది తక్కువ. ఇది నాటకమే కాదు, పొడుగాటి శోకం అన్న విమర్శ పాతదే.

ఈ శోకాన్ని యూరిపిడీస్ ఏథెన్స్ పౌరుల ముందు పెట్టింది క్రీ.పూ. 415 వసంతంలో. అంతకు కొద్ది నెలల ముందే, ఆ చలికాలంలో, ఏథెన్స్ సైన్యం మీలోస్ అనే చిన్న ద్వీపాన్ని లొంగదీసుకుంది. చేతికి చిక్కిన వయసొచ్చిన మగవాళ్ళను చంపి, స్త్రీలనూ పిల్లలనూ బానిసలుగా అమ్మింది. ఈ వివరాలు చరిత్రకారుడు థుసిడిడీస్ రాసినవే. నాటకం మీలోస్ కోసమే రాసినదా అన్నదాని మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. మూడు నాటకాల వరుసను రాసి, కోరస్‌కు పాటలు నేర్పి, పోటీకి సిద్ధం చెయ్యడానికి ఆ వ్యవధి చాలదని వాదించేవారున్నారు. ఆ వాదంలో బలం ఉంది. అయినా చూసినవాళ్ళ సంగతి వేరు. ఆ రోజు డయొనైసస్ రంగశాలలో కూర్చున్నవారిలో మీలోస్ నుంచి తిరిగి వచ్చిన సైనికులు ఉండకపోరు. పోటీలో యూరిపిడీస్‌కు రెండో బహుమతి దక్కింది. అదే వేసవిలో ఏథెన్స్ సిసిలీ మీదికి దండెత్తి, రెండేళ్ళలో తానే సర్వనాశనం తెచ్చుకుంది.

సింగపూర్‌లో ఈ కథ చెప్పడానికి గ్రీకు పురాణం తెలిసి ఉండనక్కరలేదు. నేటి జురాంగ్ ఈస్ట్‌కు దగ్గరలోనే, క్రాంజీ నది మొదలు నుంచి జురాంగ్ నది మొదలు వరకు 1942 ఫిబ్రవరిలో బ్రిటిష్ సేన ఒక రక్షణరేఖ గీసుకుంది. దాన్ని కాపాడేందుకు పెట్టిన దళాలలో భారతీయ బ్రిగేడ్లూ ఉన్నాయి. వెనక్కి తగ్గవలసి వస్తే ఎలా తగ్గాలో చెప్పే ఉత్తర్వును వెంటనే తగ్గమన్న ఉత్తర్వుగా అపార్థం చేసుకోవడంతో 10వ తేదీన ఆ రేఖ చెదిరిపోయింది. 15న బుకిట్ తిమాలోని ఫోర్డ్ కార్ల కర్మాగారంలో జనరల్ పెర్సివల్ లొంగుబాటు పత్రం మీద సంతకం చేశాడు. తర్వాతి వారాలలో జపాన్ సేన 18 నుంచి 50 ఏళ్ళ చైనీయ పురుషులను వరుసల్లో నిలబెట్టి ఏరింది. ఏరినవాళ్ళను లారీల్లో సముద్రతీరాలకు తీసుకుపోయి చంపింది. జపాన్ పక్షం ఒప్పుకున్న సంఖ్య అయిదారు వేలు. చైనీయ సమాజపు అంచనా దానికి ఎన్నో రెట్లు. బుకిట్ బాతోక్ కొండ మీద తమ వీరుల స్మారకం కట్టడానికి జపాన్ సేన యుద్ధఖైదీల చేత పని చేయించింది. ఆ స్మారకం ఇప్పుడు లేదు, కొండపైకి పోయే మెట్లు మాత్రం ఉన్నాయి. మలయా తోటల నుంచి సయాం–బర్మా రైలుమార్గం పనికి తరలించిన కూలీలలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. వారిలో వేలమంది తిరిగి రాలేదు. ఎదురు చూసినవాళ్ళు ఆడవాళ్ళూ పిల్లలూ.

ఓంగ్ క్వారీని ఎంచుకున్నది ఈ చరిత్రను దృష్టిలో ఉంచుకొనేనని అనడానికి ఆధారం అక్కరలేదు, అనవలసిన పనీ లేదు. పగిలిన రాతిగోడల మధ్య నిలబడిన ప్రేక్షకుడికి, కూలిన నగరం ఎలా ఉంటుందో ఎవరూ వర్ణించి చెప్పనవసరం లేదు. స్థలమే సగం నాటకం ఆడుతుంది. ఏథెన్స్ రంగశాల కూడా అలాంటిదే: కొండవాలును తొలిచి, ఆకాశం కింద, పగటి వెలుతురులో. చీకటి హాలులో మెత్తని కుర్చీల మధ్య ఈ నాటకం పోగొట్టుకునే గాలినీ వెలుతురునూ 1991 ప్రదర్శన తిరిగి తెచ్చింది. కానీ గ్రీకు ప్రదర్శనలో స్థలానికి తోడుగా ఉన్న ఇంకొక ముఖ్యమైన అంగం ఉంది. దానిని రాయి ఇవ్వలేదు.

ఆ అంగం పాట. గ్రీకు విషాద నాటకం చదువుకునే పాఠ్యంగా మనకు చేరింది గనుక దాన్ని మాటల నాటకంగా ఊహించుకోవడం అలవాటైపోయింది. నిజానికి పన్నెండుమంది, తర్వాతి కాలంలో పదిహేనుమంది కోరస్ ఆలోస్ అనే జంట పిల్లనగ్రోవి వంటి వాద్యానికి అనుగుణంగా పాడుతూ ఆడేది. పాత్రలు కూడా దుఃఖం పతాకస్థాయికి చేరిన చోట మాట వదిలి పాటకెక్కేవి. కోరస్‌కూ పాత్రకూ మధ్య వంతులవారీగా సాగే శోకగీతానికి ప్రత్యేకంగా ఒక పేరే ఉంది, కొమ్మోస్ అని. గుండెలు బాదుకోవడం అని దాని మూలార్థం. ఆ సంగీతం దాదాపు పూర్తిగా నశించింది. మిగిలింది ఛందస్సు, అంటే పాట పోయాక మిగిలిన దాని ఎముకల గూడు.

ఆధునిక యూరప్ ఈ నాటకాలను తిరిగి వేదికెక్కించిన చరిత్ర అంతా ఈ లోటును పూడ్చుకోవడానికి పడిన పాటుగానే కనిపిస్తుంది. 1585 మార్చి 3న విచెన్జా నగరంలో కొత్తగా కట్టిన టియాట్రో ఒలింపికోను ‘ఈడిపస్ రాజు’తో తెరిచారు; కోరస్ పాటలకు ఆండ్రియా గాబ్రియెలీ బాణీలు కట్టాడు. గ్రీకులు నాటకమంతా పాడేవారన్న నమ్మకంతో ఫ్లారెన్స్‌లో కొందరు చేసిన ప్రయోగాల నుంచే ఆ శతాబ్దం చివర ఆపెరా పుట్టింది. గ్రీకు నాటకాన్ని బతికించబోయి వాళ్ళు వేరొక కళను కనిపెట్టారు. 1841లో పోట్స్‌డామ్‌లో ‘ఆంటిగని’కి మెండెల్‌సన్ సంగీతం సమకూర్చాడు. ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లీషు వేదిక మీద మాత్రం మాటదే పైచేయి. గిల్బర్ట్ మర్రీ పద్యానువాదంతో 1905లో లండన్‌లో ‘ట్రాయ్ స్త్రీలు’ ఆడినప్పుడు బోయర్ యుద్ధపు శిబిరాలలో చనిపోయిన స్త్రీలూ పిల్లలూ చాలామందికి గుర్తుకొచ్చారు. 1915లో అమెరికాలో మహిళా శాంతి పార్టీ అండతో అదే అనువాదం ఊరూరా తిరిగింది. 1965లో సార్త్ర్ ఫ్రెంచిలో తిరగరాసినప్పుడు వెనుక అల్జీరియా ఉంది. 2013లో జోర్డన్‌లోని అమ్మాన్‌లో సిరియా శరణార్థి స్త్రీలు తమ సొంత కథలను ఈ నాటకంలోకి ఒదిగించారు. ప్రతి తరానికీ ఒక ట్రాయ్ దొరుకుతూనే ఉంది. దొరకనిది ఆ శోకానికి తగిన గొంతు. పాశ్చాత్య ప్రదర్శనల్లో కోరస్ చాలా తరచుగా కొందరు స్త్రీలు ఒకేసారి వచనం అప్పజెప్పడంగా మిగులుతుంది. ఎంత గొప్ప నటి హెక్యుబా వేషం కట్టినా ఆ ఇబ్బంది తప్పదు.

ఆసియాలో పరిస్థితి వేరు, ఎందుకంటే ఇక్కడ పాట నాటకం నుంచి విడిపోలేదు. 1974లో టోక్యోలో తదాషి సుజుకీ ఇదే నాటకాన్ని యుద్ధంలో కాలిపోయిన జపాన్‌లో, మూటాముల్లెతో మిగిలిన ఒక ముసలమ్మ మనసులో జరిగే కథగా మలిచారు. పిల్లలను కాపాడే జిజో దేవత వేదిక మీద నిలుచుండి, ఏమీ చెయ్యకుండా చూస్తూ ఉంటుంది. 1978లో నినగావా ‘మీడియా’ చేశారు. 1989లో చైనాలో లువో జిన్‌లిన్ అదే ‘మీడియా’ను హెబెయ్ బాంగ్జీ అనే ప్రాంతీయ గాననాటకంగా ఆడించారు. పారిస్‌లో అరియాన్ మ్నూష్కిన్ 1990–92 మధ్య ఆట్రియస్ వంశపు నాటకాలు నాలుగింటిని వరుసగా ప్రదర్శించినప్పుడు కోరస్ అడుగులకు కథకళిని ఆశ్రయించవలసి వచ్చింది. ఇఫిజెనియా పాత్ర ధరించింది తమిళనటి నిరుపమా నిత్యానందన్. గ్రీకు కోరస్‌ను వెతుక్కుంటూ ఫ్రాన్స్ కేరళదాకా వచ్చిందన్నమాట.

ఓంగ్ సియోల్‌లో చేసింది ఈ వరుసలోనిదే, కానీ ఒక అడుగు ముందుకు. పాన్సోరీ అన్నది ఒక గాయకుడు లేక గాయని, ఒక డప్పు వాద్యకారుడు కలిసి గంటల తరబడి కథ చెప్పే కొరియా కళ. చేతిలో విసనకర్ర, కింద చాప. కథనం వచనంగా సాగుతూ ఉద్వేగం పెరిగిన చోట పాటగా మారుతుంది. తెలుగువారికి దీన్ని బుర్రకథతో పోల్చి చెప్పవచ్చు: వంతలు తందానా అన్నట్టే అక్కడ డప్పు వాయించేవాడూ, ప్రేక్షకులూ కూడా మధ్యమధ్య కేకలతో గాయకుణ్ణి ఎగదోస్తారు. గొంతు తీరులో మాత్రం తేడా ఉంది. పాన్సోరీ కోరేది తీయని స్వరం కాదు. జలపాతం హోరుకు ఎదురు నిలిచి సాధన చేసి, బొంగురుపోయి, గరుకెక్కిన స్వరం. పన్నెండు కథలలో అయిదే ఇప్పుడు మిగిలాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒక్కరి పాటను పాత్రలవారీగా పంచి నాటకంగా చేసినప్పుడు చాంగుక్ ఏర్పడింది. అంటే చాంగుక్ వయసు నూరేళ్ళ పైచిలుకు. దాని గొంతు వయసు మాత్రం ఇంకా చాలా ఎక్కువ.

ఓంగ్ ఆ నూరేళ్ళ హంగులను తీసేసి పాత గొంతు దగ్గరకు వెళ్ళదలచారు. బే సామ్ షిక్ పాఠ్యం రాశారు. పాన్సోరీ బాణీలు కట్టినది ఆ కళలో జాతీయ స్థాయి విదుషీమణి ఆన్ సుక్ సన్. ఒక్కొక్క ప్రధాన పాత్రకు ఒక్కొక్క వాద్యం. హెక్యుబాకు గొమున్గో అనే మంద్రస్వరపు తంత్రీవాద్యం, ఆండ్రొమాకీకి కమానుతో వాయించే ఆజెంగ్, కసాండ్రాకు వెదురు వేణువు దేగుమ్. గాయనికి వాద్యం ఒక్కటే తోడు, పాన్సోరీలో డప్పు తోడున్నట్టు. కోరస్ పాటలకు సంగీతం జంగ్ జే ఇల్. తర్వాత ‘పారసైట్’ సినిమాతో ప్రపంచానికి తెలిసిన పేరు. రాణుల పాట పాతది, సామాన్య స్త్రీల పాట ఈ కాలపుది. ఈ విభజనను కొందరు సాంప్రదాయికులు ఒప్పుకోకపోవచ్చు గానీ, అది గ్రీకు పద్ధతికి దగ్గరగానే ఉంది: యూరిపిడీస్ సంగీతం కూడా తన కాలానికి కొత్త పోకడలదని, హాస్యనాటకకర్త అరిస్టోఫనీస్ దాన్ని వెక్కిరించాడు.

ఈ ప్రదర్శనలో శోకం ఎవరిదన్న ప్రశ్న రాదు. జపాన్ సేన బలవంతంగా తరలించిన కొరియా స్త్రీల కథ ఆ దేశంలో తెలియనివారు లేరు. నౌకల కోసం వరుసలో నిలబడిన ట్రాయ్ స్త్రీలను చూస్తే వేరే వ్యాఖ్యానం అవసరం లేదు. విక్టోరియా థియేటర్‌లో కూర్చున్న సింగపూర్ ప్రేక్షకుడికి కూడా అంతే, ఆ సేన ఈ ఊరికీ వచ్చింది గనుక. క్వారీలో స్థలం చేసిన పనిని ఇక్కడ గొంతు చేసింది. పైగా, ఆ గొంతు రాయిలా ఒకచోట ఉండిపోక ప్రయాణం చేసింది. లండన్, ఆంస్టర్‌డామ్, వియన్నా, 2022లో న్యూయార్క్, 2023లో ఎడిన్‌బరో. కొరియన్ ఒక్క ముక్క రానివారు కూడా హెక్యుబా పాటకు నిశ్శబ్దమైపోయారంటే దానికి కారణం తెర మీది అనువాదపు అక్షరాలు కావు.

ఇక్కడే తెలుగు నాటకరంగం గుర్తుకు రాక తప్పదు. పొరుగున కన్నడంలో బి.ఎం. శ్రీకంఠయ్య సోఫొక్లీస్ ‘ఏజాక్స్’ను 1929లో ‘అశ్వత్థామన్’గా, ఈస్కిలస్ ‘పారసీకులు’ను 1935లో కన్నడంగా తెచ్చారు. కలకత్తాలో 1964లో శంభు మిత్రా ‘రాజా ఈడిపస్’ బహురూపీ ప్రతిష్ఠకు కలికితురాయి అయింది. తెలుగులో గ్రీకు నాటకం విశ్వవిద్యాలయపు పాఠంగా పరిచయమైనంతగా వేదిక మీద పాతుకోలేదు. కథలు లేకనా అంటే అదీ కాదు. యూరిపిడీస్ ‘హిప్పొలిటస్’లో సవతి తల్లి ఫీడ్రా, అపవాదు, తండ్రి తొందరపాటు శిక్ష మన రాజమహేంద్రవరం సారంగధరుడి కథలో ఉన్నవే; బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు దాన్ని ‘విషాద సారంగధర’ అని, పేరులోనే విషాదాన్ని పెట్టి, లక్షణకారుల నిషేధాన్ని లెక్కచెయ్యకుండా నాటకం చేశారు. ఇక ‘ట్రాయ్ స్త్రీలు’కు తిక్కన స్త్రీపర్వం కంటే దగ్గరిది లేదు: వ్యాసుడిచ్చిన దివ్యదృష్టితో గాంధారి కురుక్షేత్రం మీద పడి ఉన్న కొడుకులనూ, వాళ్ళ మీద పడి ఏడుస్తున్న కోడళ్ళనూ ఒక్కొక్కరినే కృష్ణుడికి చూపిస్తుంది. తేడా ఒకటుంది. గాంధారి శపించగలదు, ఆ శాపం ఫలిస్తుంది. హెక్యుబా మాట ఏ దేవుడూ వినడు.

పద్యనాటకం మాత్రం స్త్రీపర్వం జోలికి పెద్దగా పోలేదు. రాయబారం పద్యాలకు వన్స్‌మోర్లు పడ్డాయి, యుద్ధం ముగిశాక మిగిలినవాళ్ళ ఏడుపుకు వేదిక దొరకలేదు. అయితే తెలుగు ప్రేక్షకుడు చచ్చిన బిడ్డను ఒళ్ళో పెట్టుకొని పాడే తల్లిని ఎరగనివాడు కాదు. బలిజేపల్లి ‘సత్యహరిశ్చంద్ర’ కాటిసీనులో చంద్రమతి పద్యాలకు ఊళ్ళకు ఊళ్ళు తెల్లవార్లూ కూర్చుని ఏడ్చాయి. జాషువా శ్మశాన పద్యాలు కూడా హరిశ్చంద్రుడి నోట ఆ సీనులోనే స్థిరపడ్డాయి. హెక్యుబా అస్టియానక్స్‌ను సాగనంపే ఘట్టానికి పాన్సోరీ అవసరం లేని గొంతు అక్కడ ఉంది. చివర లోహితుడు బతికి లేస్తాడన్న ధైర్యం మాత్రం గ్రీకు నాటకంలో ప్రేక్షకుడికి ఉండదు. సినిమాలు, సీరియళ్ళు చూసే ఇప్పటి ప్రేక్షకుడు దానికి బెదురుతాడని అనుకోవడం అతణ్ణి తక్కువ అంచనా వెయ్యడమే.

సియోల్ ప్రదర్శనలో ఇంకొక సంగతి తెలుగు పాఠకుడిని ప్రత్యేకంగా ఆకర్షిస్తుంది. హెలెన్ పాత్రను గాయకుడు కిమ్ జున్ సూ, మగవాడు, ధరించాడు. తక్కిన రాణులకు కొరియా వాద్యాలుండగా ఆమెకు పియానో. అటు గ్రీకుకూ ఇటు ట్రాయ్‌కూ చెందని మనిషిగా ఆమెను చూపడానికి ఓంగ్ చేసిన ఏర్పాటు అది. యూరప్ విమర్శకులు దీన్ని సాహసంగా చూశారు. క్రీ.పూ. 415లో హెలెనే కాదు, హెక్యుబా, కసాండ్రా, ఆండ్రొమాకీ అందరూ ముసుగులు తొడుక్కున్న మగవాళ్ళే. తెలుగునాట స్థానం నరసింహారావు సత్యభామగా, బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి చంద్రమతిగా నిలబడిన వేదికలు చూసిన తరానికైతే అందులో వింత కనిపించేది పియానో ఒక్కటే.